గోకు, తంజిరో ఒకే ఫ్రేములోకి ఎందుకు రారు?

2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' అనే అనిమే, అంటే జపనీస్ యానిమేషన్ సినిమా, తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. సెకండ్ షో వదిలాక పార్కింగ్‌లో బండి తీస్తుంటే పక్కన ఇద్దరు కుర్రాళ్లు వాదించుకుంటున్నారు. "ఇందులోకి గోకు వస్తే ముజాన్ పని అరనిమిషంలో అయిపోద్దిరా" అన్నాడు ఒకడు. గోకు 'డ్రాగన్ బాల్' అనే వేరే సిరీస్ హీరో. ముజాన్ ఈ సినిమాలో రాక్షసుల నాయకుడు, వాడితో పోరాడే హీరో తంజిరో. రెండోవాడు దానికి ఒప్పుకోలేదు, కాదనలేదు. "మరి అలాంటి సినిమా తీయొచ్చు కదా? ఇద్దరి ఫ్యాన్సూ ఎగబడి చూస్తారు. ఎందుకు తీయరు?" అన్నాడు.

మొదటివాడి మాట మీద యూట్యూబ్‌లో గంటలకొద్దీ వీడియోలున్నాయి. నన్ను పట్టుకుంది రెండోవాడి ప్రశ్న. గిరాకీ ఉంది, డబ్బుంది, పాత్రలు ఆల్రెడీ జనానికి తెలుసు. అయినా ఈ క్రాస్ఓవర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఎందుకున్నాయి?

ముందు, క్రాస్ఓవర్ అని దేన్ని అంటున్నాం?

వేర్వేరు సిరీస్‌ల పాత్రలు ఒకే కథలో కలుసుకుంటే క్రాస్ఓవర్. కానీ ఫ్యాన్స్ ఈ మాటను చాలా వదులుగా వాడతారు. ఒక సిరీస్‌లో హీరో గది గోడ మీద ఇంకో సిరీస్ పోస్టర్ లాంటిదేదో కనబడితే అది సరదా ప్రస్తావన, అంతే. మొబైల్ గేములోకి నరుటో రెండు వారాలు వచ్చి వెళ్లిపోతే దాన్ని కొలాబ్ అంటారు, అంటే పాత్రను అద్దెకు తెచ్చుకోవడం. ఇద్దరు హీరోలు ఎదురుపడి, మాట్లాడుకుని, ఒకే కథ నడిపి, అది టీవీలోనో థియేటర్లోనో ఆడితే అదీ పూర్తి క్రాస్ఓవర్. కష్టమంతా ఈ చివరి రకంతోనే.

అందులోనూ తేలిగ్గా అయ్యేవి ఉన్నాయి. రెండు పాత్రలూ ఒకే మనిషి గీసినవైతే గొడవే లేదు. అకిరా తోరియామా తన 'డాక్టర్ స్లంప్' సిరీస్‌లోని అరాలేని తీసుకొచ్చి గోకుకి ఎదురు నిలబెట్టాడు. గో నాగాయ్ సృష్టించిన మాజింగర్ జెడ్, డెవిల్‌మన్ 1973లోనే ఒకే సినిమాలో కలిశాయి. క్లాంప్ అనే చిత్రకారిణుల బృందం తమ పాత పాత్రల్లో చాలావాటిని 'సుబాస' సిరీస్‌లో లోకం నుంచి లోకానికి తిప్పింది. తన ఇంట్లో సామాను ఈ గది నుంచి ఆ గదికి జరుపుకున్నట్టే. పక్కింటి సామాను అయితే?

ఎపిసోడ్ చివర్లో వచ్చే చిన్న లైను

ఏదైనా అనిమే ఎపిసోడ్ చివర్లో ఆపి చూడండి. కాపీరైట్ గుర్తు, దాని పక్కన కొన్ని పేర్లు ఉంటాయి. మనం 'నెక్స్ట్ ఎపిసోడ్' నొక్కే తొందరలో చదవని లైను అది. ఈ వ్యాసానికి కావలసిన సమాచారం సగం అందులోనే ఉంది.

'డీమన్ స్లేయర్' లైనులో దాని మూలమైన మాంగా, అంటే జపనీస్ కామిక్, గీసిన కొయోహరు గొటోగె పేరుంటుంది. తర్వాత షుయేషా, అనిప్లెక్స్, యూఫోటేబుల్. మాంగాను అచ్చేసిన పబ్లిషరు షుయేషా, 'వీక్లీ షోనెన్ జంప్' వాళ్లదే. డబ్బు పెట్టి మార్కెట్ చేసేది సోనీ గ్రూపుకు చెందిన అనిప్లెక్స్. బొమ్మలకు ప్రాణం పోసే స్టూడియో యూఫోటేబుల్.

'డ్రాగన్ బాల్'కి బర్డ్ స్టూడియో, షుయేషా, తోయే యానిమేషన్. బర్డ్ స్టూడియో అంటే తోరియామా సొంత సంస్థే, 'తోరి' అంటే జపనీస్‌లో పక్షి. 'వన్ పీస్'కి ఎయిచిరో ఓడా, షుయేషా, ఫుజి టీవీ, తోయే యానిమేషన్. 'నరుటో' లైనులో మసాషి కిషిమోతో, షుయేషాతో పాటు టీవీ టోక్యో, పియెరో స్టూడియో ఉంటాయి. 'అటాక్ ఆన్ టైటన్'కి హజిమె ఇసయామా, కోదాన్షా, ఆ పైన 'నిర్మాణ కమిటీ' అన్న మాట.

ఇప్పుడు ఏ రెండు లైన్లయినా పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఉన్న పేర్లెన్నో లెక్కపెట్టండి. గోకుకీ, 'వన్ పీస్' హీరో లూఫీకీ పబ్లిషరూ స్టూడియో రెండూ కలుస్తాయి. లూఫీ, నరుటోలకి పబ్లిషరు ఒక్కటే కలుస్తుంది. స్టూడియో వేరు, టీవీ చానల్ వేరు. పైగా ఫుజి, టీవీ టోక్యో ఒకదానికొకటి పోటీ చానళ్లు. మరి తయారైన బొమ్మను ఎవరి చానల్లో వేస్తారు? తంజిరోకీ, 'అటాక్ ఆన్ టైటన్' హీరో ఎరెన్‌కీ అయితే పబ్లిషరు దగ్గరే తెగిపోతుంది. షుయేషా 'జంప్'కీ, కోదాన్షా పత్రికలకీ దశాబ్దాలుగా అమ్మకాల్లో పోటీ.

కలిసే పేర్లు ఎంత తగ్గితే కావలసిన సంతకాలు అంత పెరుగుతాయి. ఉమ్మడి పొలం అమ్మకానికి పెట్టిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఏడుగురు వారసుల్లో ఆరుగురు సంతకం పెట్టినా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

కమిటీ అనే మాట వెనక ఎవరుంటారు

అనిమే తీయడానికి చాలాసార్లు కొన్ని కంపెనీలు కలిసి పెట్టుబడి పెడతాయి. జపాన్‌లో దీన్ని 'సెయిసాకు ఇయింకాయ్' అంటారు, నిర్మాణ కమిటీ అన్నమాట. పబ్లిషరు, టీవీ చానల్, మ్యూజిక్ కంపెనీ, బొమ్మలు అమ్మే కంపెనీ, యాడ్ ఏజెన్సీ, ఇలా అరడజను దాకా ఉండొచ్చు. 1995లో వచ్చిన 'ఎవాంజెలియన్' హిట్టయ్యాక ఈ పద్ధతి బాగా పాకింది.

ఇందులో అసలు మెలిక 'మదోగుచి', అంటే కిటికీ లేదా కౌంటర్. సభ్యుల్లో ఒక్కొక్కరూ ఒక్కో కౌంటర్ పట్టుకుని కూర్చుంటారు. విదేశీ హక్కులు ఒకరి కౌంటర్లో, బొమ్మలూ టీషర్టులూ ఇంకొకరి దగ్గర, పాటలు వేరొకరి దగ్గర. ఆ కౌంటర్ గుండా వచ్చిన డబ్బులో వాళ్ల కమిషన్ పోను, మిగతాది పెట్టుబడుల లెక్కన పంచుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. గోకు, తంజిరో భుజాల మీద చేతులు వేసుకున్న బొమ్మతో ఒక టీషర్టు అమ్మాలనుకున్నారు. గోకు వైపు బొమ్మల కౌంటర్ ఒకరిది, తంజిరో వైపు ఇంకొకరిది. కమిషన్ ఎవరికి? ఇద్దరికీ ఇస్తే పంచుకోవడానికి మిగిలేదెంత? బొమ్మ ఏ స్టూడియో శైలిలో గీయాలి? టీషర్టు మీద ఎవరి పేరు ముందు రావాలి? నవ్వొస్తుంది గానీ పేరు ముందా వెనకా అన్నదాని మీద మన పోస్టర్ల దగ్గర జరిగే గొడవలు మనకి తెలియనివా? ఇదంతా ఒక్క టీషర్టుకి. సినిమా అంటే థియేటర్, టీవీ, స్ట్రీమింగ్, డిస్కు, పాటలు, డబ్బింగ్, ప్రతి కౌంటర్ దగ్గరా ఇదే బేరం.

కమిటీలను ఫ్యాన్స్ తిట్టినంత సులువుగా కొట్టిపారేయలేం. ఒకే కంపెనీ మొత్తం డబ్బు పెడితే, సిరీస్ ఫ్లాపయినప్పుడు ఆ దెబ్బంతా దానిదే. కమిటీ ఉంటే నష్టం తలా కాస్త పంచుకుంటారు, అందుకే రిస్కు ఉన్న కథలు కూడా తెరకెక్కుతున్నాయి. 'చైన్‌సా మ్యాన్' అనిమేకి మాపా స్టూడియో సొంతంగా మొత్తం డబ్బు పెట్టడం అందుకే వార్తయింది. ఒక సిరీస్ పుట్టడానికి సాయపడ్డ ఏర్పాటే దాన్ని ఇంకో సిరీస్‌తో కలవనివ్వదు, చిక్కు అదీ.

డబ్బు లెక్క తేలినా, రచయిత కాదంటే కాదు

జపాన్ కాపీరైట్ చట్టంలో రచయితకి రెండు రకాల హక్కులుంటాయి. డబ్బు తెచ్చే హక్కుల్ని అమ్ముకోవచ్చు. రెండో రకం నైతిక హక్కులు, వీటిని అమ్మలేరు, బదిలీ చేయలేరు. తన పనిని తన ఇష్టానికి విరుద్ధంగా మార్చొద్దని అడ్డుపడే హక్కు వీటిలోదే. జపాన్ మాంగా ప్రపంచంలో కాపీరైటు సాధారణంగా గీసినవాళ్ల చేతిలోనే ఉంటుంది. లూఫీ ఫలానా మాట అనడు అని ఓడా అంటే దాని మీద అప్పీలు లేదు.

సంతకం ఆగిపోతే ఎంతదూరం వెళుతుందో తెలియాలంటే 'క్యాండీ క్యాండీ' సంగతి చూడాలి. ఇది క్రాస్ఓవర్ కూడా కాదు, ఒకే సిరీస్. కథ రాసింది క్యోకో మిజుకి, బొమ్మలు గీసింది యుమికో ఇగరాషి. ఇద్దరికీ చెడి కోర్టుకెక్కారు. కథకురాలి అనుమతి లేకుండా తాను గీసిన బొమ్మను కూడా చిత్రకారిణి వాడుకోకూడదని 2001లో జపాన్ సుప్రీంకోర్టు తేల్చింది. 1970ల్లో ఇంటింటా చూసిన ఆ అనిమే ఈ తగవులో మూలపడింది. ఒక్క సిరీస్‌లో ఇద్దరి మధ్యే ఇలా ఉంటే, రెండు సిరీస్‌ల వాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కుదిరిన రోజు: 2013 ఏప్రిల్ 7

ఆ ఆదివారం ఉదయం ఫుజి టీవీలో గోకు, లూఫీ, టోరికో ముగ్గురూ గంటసేపు ఒకే కథలో కనిపించారు. ఈ ఎపిసోడ్‌ని 'అసాధ్యం సాధ్యమైంది' అన్నట్టు చెప్పుకుంటారు గానీ, లైన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం తగ్గుతుంది. మూడూ 'జంప్' మాంగాలే. మూడింటికీ స్టూడియో తోయే. 'టోరికో' ఆదివారం 9 గంటలకి, 'వన్ పీస్' 9:30కి అదే చానల్లో వెనకవెనకే వచ్చేవి. కొత్త టైమ్ స్లాటు కోసం ఎవరినీ అడగక్కర్లేదు, రెండు అరగంటల మధ్య గోడ తీసేస్తే గంట వచ్చేసింది. 'టోరికో' వరసలో అది 99వ ఎపిసోడ్, 'వన్ పీస్' వరసలో 590వది.

సరే, మరి ఆ రోజే ఎందుకు? అంతకు 8 రోజుల ముందు, మార్చి 30న, 'డ్రాగన్ బాల్ జెడ్: బ్యాటిల్ ఆఫ్ గాడ్స్' జపాన్ థియేటర్లలో దిగింది. దానికి ఇంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది? 2011 ఏప్రిల్లో 'టోరికో' మొదలైన రోజే లూఫీతో క్రాస్ఓవర్ పెట్టడం కూడా అలాంటిదే, కొత్తవాణ్ని పాతవాడి చేత జనానికి పరిచయం చేయించడం. పెద్ద సిరీస్‌ల మధ్య ఇలాంటివి ఊరికే ముచ్చటపడి తీయరు, ఏదో ఒకదాన్ని అమ్మడానికి తీస్తారు. ఫ్యాన్‌గా నాకిది కాస్త చేదుగా ఉంటుంది గానీ, అసలు కుదరడానికి ఆ అవసరమే దారి వేసిందని ఒప్పుకోవాలి.

పబ్లిషర్లు వేరైనా కలిసిన సందర్భం ఉంది. దొంగ లుపిన్, డిటెక్టివ్ కోనన్ 2009లో టీవీ స్పెషల్‌లో, 2013లో సినిమాలో ఎదురుపడ్డారు. లుపిన్ని గీసింది మంకీ పంచ్, కోనన్‌ని గోషో అయోమా. పత్రికలు వేరు, తరాలు వేరు. కానీ రెండింటినీ బొమ్మ కట్టించేది టీఎంఎస్ స్టూడియోనే. లుపిన్ వచ్చేది నిప్పన్ టీవీలో, కోనన్‌ని తీసేది అదే నెట్‌వర్కుకి చెందిన యోమియురి టీవీ. ఇక్కడ కలిపిన దారం పబ్లిషరు కాదు, స్టూడియో, చానలూ.

ఎవరూ ఓడకూడని యుద్ధం

సంతకాలన్నీ అయ్యాయనుకుందాం. ఇప్పుడు కథ రాసేవాడికి టెన్షన్ మొదలవుతుంది.

తంజిరో లోకంలో రాక్షసులు చావాలంటే రెండే దారులు ప్రధానం. ఎండ తగలాలి, లేదా ఎండను పీల్చుకున్న ఖనిజంతో చేసిన నిచిరిన్ కత్తితో తల తెగాలి. ఆ నియమం మీదే కథంతా నిలబడింది. తెల్లారేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోరాడ్డం, చేతులు తెగిపోవడం, గురువులు చనిపోవడం, అన్నీ దానివల్లే. అందులోకి గోకు వచ్చి తన శక్తి కిరణం కమేహమేహ విసిరాడు. రాక్షసుడు చస్తాడా? చస్తాడు అంటే అంతకుముందు పోయిన ప్రాణాలన్నీ వృథా అనిపిస్తాయి. చావడు అంటే, గ్రహాల్ని పేల్చేసేవాళ్లతో తలపడ్డవాడు ఒక పిశాచాన్ని చంపలేకపోవడం ఏమిటని గోకు ఫ్యాన్స్ ఊరుకోరు. ఏం రాసినా సగం థియేటర్ మొహం ముడుస్తుంది.

మనకిది కొత్త కాదు. కృష్ణార్జున యుద్ధం నాటకం ఊళ్లలో ఆడినప్పుడు చూసేవాళ్లకి ఇద్దరూ కావలసినవాళ్లే. గయుణ్ని చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ, కాపాడతానని అర్జునుడి మాట. బావాబావమరుదులు పద్యాలతోనూ బాణాలతోనూ ఢీకొంటారు, చివరికి ఎవరూ ఓడకుండా ముగుస్తుంది. పద్యం ఎవరిది బాగుందని మర్నాడు జనం మాట్లాడుకోవచ్చు గానీ, ఎవరు గెలిచారని కాదు. కాకపోతే ఆ నాటకం రాసినవాళ్లు కృష్ణుడి హక్కుదారుల్ని అడగాల్సిన పని లేదు.

లుపిన్, కోనన్ జోడీ రాతలో కూడా తేలిగ్గా ఇమిడింది ఇందుకే అనిపిస్తుంది. దొంగ తప్పించుకుంటే దొంగ గెలిచినట్టు, చిక్కుముడి విప్పితే డిటెక్టివ్ గెలిచినట్టు. ఒకే కథలో రెండూ జరగొచ్చు. కొట్లాట హీరోలకి ఆ సౌకర్యం లేదు.

బొమ్మ ఎవరిలా గీయాలి, గొంతు ఎవరిది

యూఫోటేబుల్ బొమ్మల్లో నీటి అలలు పాత జపనీస్ చెక్క అచ్చుల్లా మందపాటి గీతలతో లేస్తాయి. తోయే వాళ్ల గోకు గీతే వేరు, కండలు, కోణాలు. ఇద్దర్నీ ఉన్నవాళ్లని ఉన్నట్టు పక్కన నిలబెడితే రెండు పత్రికల నుంచి కత్తిరించి అతికించినట్టుంటుంది. ఒకరి శైలిలోకి మారిస్తే రెండోవాళ్లు ఒప్పుకోవాలి.

2019లో 'ఇసెకాయ్ క్వార్టెట్' దీనికి తెలివైన దారి వెతికింది. 'ఓవర్‌లార్డ్', 'కోనోసుబా', 'రీ:జీరో', 'తాన్యా' సిరీస్‌లను తీసిన స్టూడియోలు నాలుగు. వాటిలో ఎవరికీ ఇవ్వకుండా పుయుకాయ్ అనే ఐదో స్టూడియోకి అప్పగించి, అందర్నీ పెద్ద తల, చిన్న ఒళ్లు ఉన్న పొట్టి బొమ్మలుగా గీయించారు. ఎవరి శైలీ కాదు కాబట్టి ఎవరికీ కష్టం కలగలేదు. అందరూ ఒక మీట నొక్కి స్కూల్లో వచ్చి పడతారు, ఎపిసోడ్ పన్నెండు నిమిషాలు, అంతా కామెడీ. ఎవరు బలవంతులన్న పేచీ క్లాసురూములో రాదు. ఆ నాలుగు నవలల్నీ అచ్చేసేది కడోకవానే అని వేరే చెప్పాలా?

గొంతుల విషయంలో ఒక సరదా చిక్కుంది. లూఫీకి గొంతిచ్చే మయూమి తనకా, గోకు స్నేహితుడు క్రిలిన్‌కి కూడా చెబుతారు. 'కోనోసుబా'లో మెగుమిన్, 'రీ:జీరో'లో ఎమీలియా ఇద్దరూ రియె తకహాషి గొంతే. వేర్వేరు సిరీస్‌లలో ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు, ఒకే గదిలోకి వస్తే ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకోవాలి.

గేముల్లో మాత్రం అంతమంది ఎలా కలుస్తారు?

1991 నుంచి 'సూపర్ రోబో వార్స్' గేముల్లో గుండం, మాజింగర్, గెట్టర్ రోబోలు కలిసి యుద్ధాలు చేస్తూనే ఉన్నాయి. 2019లో బందాయ్ నామ్కో 'జంప్ ఫోర్స్' తెచ్చింది, గోకు, లూఫీ, నరుటో అందరూ ఉన్నారు. 'జంప్'కి పోటీ అయిన 'సండే', 'మ్యాగజైన్' పత్రికలు, రెండూ 1959 మార్చి 17న ఒకే రోజు పుట్టినవి, తమ యాభయ్యో ఏట హీరోల్ని కలిపి పీఎస్‌పీ గేము విడుదల చేయనిచ్చాయి.

గేము కంపెనీ చేసేది లైసెన్సు తీసుకోవడం, అంటే గడువున్న అద్దె. పాత్రలకు ఉమ్మడి గతం, ఉమ్మడి భవిష్యత్తు అక్కర్లేదు. పైగా ఎవరు గెలవాలన్నది రచయిత తేల్చడు, బటన్లు నొక్కేవాడు తేలుస్తాడు, కథకుడి నెత్తి మీద బరువు అలా దిగిపోతుంది. అద్దె కాబట్టి ముగింపు కూడా ఉంటుంది. 'జంప్ ఫోర్స్' డిజిటల్ అమ్మకాలు 2022 ఫిబ్రవరిలో ఆగిపోయాయి, ఆగస్టులో ఆన్‌లైన్ ఆట కూడా మూసేశారు. విడుదలై నాలుగేళ్లు నిండలేదు.

మార్వెల్‌కి కుదిరింది కదా?

ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. మార్వెల్ కామిక్స్‌లో పాత్రల యజమాని మొదటినుంచీ కంపెనీయే. గీసినవాళ్లు, రాసినవాళ్లు కంపెనీ కోసం పనిచేశారు. అందుకే ఐరన్ మ్యాన్‌ని థోర్ పక్కన నిలబెట్టడానికి బయటివాళ్ల అనుమతి అక్కర్లేదు. కానీ ఒక పాత్ర సినిమా హక్కులు చేయి దాటగానే వాళ్లకీ ఇదే తలనొప్పి వచ్చింది. స్పైడర్ మ్యాన్ సోనీ దగ్గరుండిపోయాడు. 2012లో అవెంజర్స్ కలిసినప్పుడు అతను లేడు. 2015లో రెండు కంపెనీలు ఒప్పందానికొచ్చాక 2016లో గానీ వాళ్ల సరసన కనిపించలేదు.

అలాగని జపాన్ కూడా కంపెనీకే హక్కులిచ్చేయాలని ఫ్యాన్స్ అందరూ అనరు. సృష్టికర్త చేతిలో హక్కుండబట్టే 'అటాక్ ఆన్ టైటన్' కథను ఇసయామా తాను అనుకున్న చోట ఆపగలిగాడని, కంపెనీ చేతిలో ఉంటే ఆ పాత్రలు ఇంకా తిరుగుతూనే ఉండేవని కొందరి వాదన. ఇంకొందరు దీన్ని ఒప్పుకోరు. అడ్డం చట్టం కాదు, భయమని, బాగా సంపాదిస్తున్న సిరీస్‌ని ప్రయోగానికి పెట్టే ధైర్యం ఎవరికీ లేదని అంటారు. పోటీ పత్రికలే యాభయ్యో ఏట చేతులు కలిపాయంటే వీళ్ల మాటలోనూ పస ఉంది.

ఈలోగా ఫ్యాన్స్ ఆగడం లేదు. 1975లో మొదలైన కామికెట్ మేళాలో, ఇప్పుడు టోక్యో బిగ్ సైట్‌లో ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి, సొంతంగా అచ్చేసుకున్న దోజిన్షి పుస్తకాలు బల్లల మీద పెట్టి అమ్ముతారు. అధికారికంగా కలవని హీరోలు అందులో కలుస్తుంటారు. హక్కుదారులు చాలావరకు చూసీచూడనట్టు వదిలేస్తారు. 2018 చివర్లో కాపీరైట్ చట్టాన్ని కఠినం చేసినప్పుడు కూడా, హక్కుదారు ఫిర్యాదు లేకుండా కేసు పెట్టే వీలును పైరసీకే పరిమితం చేసి, దోజిన్షి జోలికి పోలేదు.

అధికారికంగా వచ్చినవాటిలో నాకు ఇష్టమైంది అనిమే కాదు, 2006 చివర్లో 'జంప్'లో వచ్చిన చిన్న మాంగా, 'క్రాస్ ఎపోక్'. తోరియామా, ఓడా ఇద్దరే కూర్చుని గోకు, లూఫీ బృందాలను కలిపి గీశారు. కమిటీ లేదు, కౌంటర్లు లేవు. అడ్డుకునే హక్కు ఉన్న ఇద్దరూ పెన్ను పట్టుకుని అక్కడే ఉన్నారు. కావాలంటే ఎవరిని ఎవరి చేతైనా కొట్టించొచ్చు. వాళ్లు మాత్రం అందరికీ డ్రాగన్ షెన్రాన్ నుంచి ఆహ్వానాలు పంపించి, టీ పార్టీకి బయల్దేరదీశారు. 2024 మార్చి 1న తోరియామా పోయారు. ఆ రెండు చేతులూ కలిసి గీసే రెండో భాగం ఇక లేదు.